బైరి డేగల కాపలాకి యాభై ఏళ్లు

1970లో కాలిఫోర్నియా రాష్ట్రమంతా గాలిస్తే గుడ్లు పెడుతున్న బైరి డేగల జంటలు రెండంటే రెండే లెక్కకొచ్చాయి. ఇక్కడివాళ్లు పెరెగ్రిన్ ఫాల్కన్ అని పిలిచే ఈ పక్షికి ఒకప్పుడు ఈ తీరం పొడవునా, కొండచరియల్లో, వందకు పైగా కాపురాలుండేవి. మిసిసిపీ నదికి తూర్పున అయితే అప్పటికే ఒక్కటీ మిగల్లేదు. ఆ పరిస్థితిలో, శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1975లో ‘ప్రిడేటరీ బర్డ్ రీసెర్చ్ గ్రూప్’ పుట్టింది. దానికి యాభై ఏళ్లు నిండాయి గనక అది పెంచి వదిలిన పక్షుల గురించి రాసేవాళ్లకి కొదవ ఉండదు. నేను రాయదలచుకున్నది దాని చుట్టూ చేరిన కాపలావాళ్ల గురించి. జీతం లేని ఈ మనుషులు లేకపోయినా సంస్థకి తొలి ఇరవై ఏళ్లూ ఎలాగో గడిచేవేమో. మిగతా ముప్పై గడిచేవి కావు.

పక్షులు మాయమవడానికి కారణం డి.డి.టి. మన ఊళ్లలో మలేరియా వాళ్లు వచ్చి గోడలకి కొట్టి, గుమ్మం పక్కన తారీఖు వేసి వెళ్లిన మందే. ఇక్కడ దాన్ని పొలాల మీదా తోటల మీదా విమానాలతో చల్లారు. పురుగుల్లోంచి పిట్టల్లోకి, పిట్టల్లోంచి డేగల్లోకి చేరి కొవ్వులో పేరుకుంది. ఆడపక్షి ఒంట్లో పెంకుకి చేరాల్సిన సున్నం చేరకుండా చేసింది. తల్లి పొదగడానికి కూర్చుంటే ఆ బరువుకే గుడ్డు చితికిపోయేది.

ఈ గుట్టు విప్పినాయన ఇంగ్లండుకి చెందిన డెరెక్ రాట్‌క్లిఫ్. ఆ కథ కాస్త తమాషాగా మొదలైంది. బైరి డేగలు మరీ ఎక్కువైపోయి తమ పందెం పావురాల్ని తినేస్తున్నాయని అక్కడి పావురాల పెంపకందార్లు గోల పెట్టారు. ఎంత ఎక్కువయ్యాయో తేల్చుదామని 1961లో దేశమంతా లెక్క మొదలెట్టారు. కొండలెక్కి చూసినవాళ్లలో చాలామంది సొంత సరదాతో వచ్చిన పక్షి ప్రేమికులే. తీరా చూస్తే ఎక్కువవడం మాట అటుంచి, పాత స్థావరాల్లో ఎన్నో ఖాళీ! ఆ తర్వాత రాట్‌క్లిఫ్, పాతకాలం వాళ్లు సేకరించి దాచిన గుడ్ల పెంకుల్ని తూచి చూశాడు. 1940ల చివరి నుంచీ అవి పలచబడుతూ వచ్చాయని 1967లో ప్రకటించాడు. 1972లో అమెరికా డి.డి.టి.ని నిషేధించడం వెనక ఉన్న సాక్ష్యాల్లో ఈ పెంకులూ ఉన్నాయి.

నిషేధం కాగితం మీదికి వచ్చినంత తేలిగ్గా మందు నేలలోంచి పోలేదు. దక్షిణ కాలిఫోర్నియా సముద్రం అడుగున పేరుకున్న వ్యర్థాల వల్ల తీరం డేగలు ఆ తర్వాత కూడా చాలాకాలం పలచటి గుడ్లే పెట్టాయి. కాబట్టి ఊరికే చూస్తూ కూర్చుంటే ఉన్న ఆ కొద్దీ పోతాయి. మరి ఏం చేయాలో తెలిసినవాళ్లెవరు? డేగలతో వేటాడేవాళ్లు. సంస్థ వ్యవస్థాపకుల్లో జేమ్స్ రౌష్ పశువైద్యుడు, డేగల వేటలో ఆరితేరినవాడు. ఆయనకి తోడు నిలిచిన ఆచార్యుడు కెన్నెత్ నోరిస్ డాల్ఫిన్లు ధ్వనితో దారి వెతుక్కునే తీరు మీద పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. 1977 నుంచి 2007లో కన్నుమూసేదాకా సంస్థని నడిపించిన బ్రయన్ వాల్టన్‌దీ డేగల వేట ధోరణే. డేగల వేట అంటే ముఖం చిట్లించే ప్రకృతి ప్రేమికులు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పక్షిని చేతి మీద పెంచడం, జత కట్టించడం, పిల్లలకి మేత పెట్టడం అప్పటికి తెలిసిన మనుషులు వీళ్లే. విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పాత సున్నపురాయి గని ఉంది. సంస్థ అక్కడ కాపురం పెట్టింది.

అక్కడ జరిగిన పని చూడముచ్చటైనది. వసంతంలో ఒకరు తాడు కట్టుకుని కొండచరియ మీంచి గూటి దగ్గరికి దిగుతారు. తల్లీ తండ్రీ కేకలు పెడుతూ నెత్తిమీదికి దూసుకొస్తుంటే, పలచబడ్డ అసలు గుడ్లు తీసి మెత్తటి పెట్టెలో పెట్టుకుని, వాటి చోట అచ్చం అలాంటివే నకిలీ గుడ్లు ఉంచుతారు. పిచ్చితల్లి వాటినే పొదుగుతుంది. అసలు గుడ్లు ప్రయోగశాలలో పొదుగుయంత్రంలోకి వెళతాయి. మామూలు గుడ్డు పిల్ల అయ్యేలోపు తన బరువులో ఆరో వంతు, ఏడో వంతు తేమగా పోగొట్టుకుంటుంది. పెంకు పలచటి గుడ్డు అంతకంటే వేగంగా ఆరిపోతుంది, లోపలి పిల్ల ఎండి చస్తుంది. అందుకని ప్రతి గుడ్డునీ రోజూ తూచి, యంత్రంలో తేమ పెంచుతూ తగ్గిస్తూ, అవసరమైతే పెంకు మీద అక్కడక్కడా మైనం పూస్తూ కాచుకునేవారు. పిల్లలయ్యాక మళ్లీ తాడు, మళ్లీ కొండ. నకిలీ గుడ్లు తీసేసి నిజం పిల్లల్ని పెడితే, తల్లికి అనుమానం రాదు. గూళ్లు చాలకపోతే ప్రైరీ ఫాల్కన్ల గూళ్లలో పెట్టారు. అదీ చాలకపోతే ఎత్తయిన చోట చెక్క పెట్టెల్లో ఉంచి, ఎగరడం నేర్చి సొంతంగా వేటాడేదాకా దొంగచాటుగా మేత వేశారు. 1992లో ఈ పని ఆపేసేసరికి వదిలిన పక్షుల సంఖ్య 800 దాటింది.

కాపలా అన్న మాట మొదట అక్షరాలా కాపలానే. మోరో బేలో సముద్రంలోంచి పొడుచుకొచ్చినట్టుండే మోరో రాక్ మీద ఒక జంట మిగిలింది. పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్ముకునే దొంగలుంటారు గనక కింద మనుషులు కాపు కాశారు. దొంగతనాలు తగ్గాక, పక్షులు ఊళ్లలోకి వచ్చాక, కాపలా అర్థం మారింది.

ఊళ్లలోకి ఎందుకొచ్చాయంటే, వాటి కళ్లకి ఊరు ఊరులా కనిపించదు. ముప్పై అంతస్తుల భవనం నిటారు కొండ, దాని అంచు గూటి గట్టు, కింద పావురాలు బోలెడు. బైరి డేగ పుల్లలతో గూడు కట్టదు. కంకరలోనో ఇసుకలోనో గుంట గీకి మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. చిక్కు అక్కడే వచ్చింది. కాంక్రీటు అంచు మీద గుంట పడదు, గుడ్డు దొర్లిపోతుంది, వాన నీళ్లు నిలిస్తే మురిగిపోతుంది. ఒక కంకర పెట్టె అమర్చితే చాలు, ఆ చిక్కు తీరిపోతుంది. వంతెనల మీద అలా కుదరలేదు. శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్‌లాండ్ మధ్య ఉన్న బే బ్రిడ్జి మీద పుట్టిన పిల్లలకి మొదటిసారి ఎగిరి తప్పితే దిగడానికి కింద నేల లేదు, అఖాతం నీళ్లే. ఆ పిల్లల్ని తీసుకెళ్లి వేరేచోట పెంచి వదలాల్సి వచ్చింది.

1999 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బైరి డేగని ఆపదలో ఉన్న జాతుల జాబితాలోంచి తీసేసింది, 2009లో రాష్ట్రం కూడా. పండగే. అయితే జాబితాతోపాటే డబ్బూ దారి చూసుకుంది. కోలుకున్న పక్షికి నిధులెవరిస్తారు? 2003 నుంచి మూడేళ్లకోసారి దేశవ్యాప్తంగా లెక్క తీయాలని ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. మూడేళ్లకోసారి చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి? నడుమ జరిగేదంతా ప్రతి వసంతంలోనూ వెళ్లి నిలబడి రాసుకునేవాళ్ల చేతుల్లోకే వచ్చింది. సంస్థ కూడా ఆ మలుపులోనే నగరాల వైపు తిరిగింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఆకాశహర్మ్యం మీద జార్జి, గ్రేసీ అనే జంట, శాన్ హోసే కొత్త సిటీ హాలు మీద క్లారా.

క్లారా మా ఊరి పక్షి. రిచర్డ్ మైయర్ గీసిన ఆ 18 అంతస్తుల భవనం 2005లో తెరిచారు, 2007లో క్లారా వచ్చి పైన పెట్టెలో కాపురం పెట్టింది. మగపక్షులు మారుతూ వచ్చాయి. ఒకదానికి టీవీ హాస్యగాడి పేరు మీద ఎస్టెబాన్ కోల్బెర్ట్ అని పెట్టారు. పిల్లలు పుట్టిన మూడు వారాలకి సంస్థ వాళ్లు వచ్చి కాళ్లకి ఉంగరాలు తొడిగేవారు. అంతకన్నా ముందైతే కాలు ఇంకా ఎదగదు, ఆలస్యమైతే పిల్ల భయపడి అంచు మీంచి దూకేస్తుంది. ఆడపిల్ల కాలు లావు, మగపిల్లది సన్నం. ఉంగరాల సైజు దగ్గరే ఆడా మగా తేలిపోతుంది.

మా కాపలావాళ్ల పని జూన్ దగ్గర పడేకొద్దీ మొదలవుతుంది. ఫ్లెడ్జ్ వాచ్ అంటారు. పిల్లలకి నలభై రోజులు వచ్చేసరికి మొదటి ఎగురుడు. మగపిల్లలు తేలిక గనక ఒకట్రెండు రోజుల ముందే లేస్తాయి. సిటీ హాలు ముందు అద్దాల గుమ్మటం ఒకటుంది. కొత్తగా రెక్కలొచ్చిన పిల్లకి అద్దం కనబడదు, ఆకాశమే కనబడుతుంది. గుద్దుకుంటుంది, జారుతుంది, ఒక్కోసారి శాంటా క్లారా వీధిలో బస్సుల మధ్య వాలుతుంది. అప్పుడు ఒకరు బైనాక్యులర్స్ వదలకుండా మిగతా పిల్లల మీద కన్నేసి ఉంచాలి. ఒకరు కుక్కల్నీ ఫోను కెమెరాలనీ దూరంగా ఆపాలి. ఒకరు అనుమతి ఉన్నవాళ్లకి ఫోన్ చేయాలి. పక్షిని మేం ముట్టుకోకూడదు, అది చట్టం. వాళ్లొచ్చి తువ్వాలు కప్పి, అట్టపెట్టెలో పెట్టి, లిఫ్టులో పైకి తీసుకెళ్లి కప్పు మీద వదులుతారు. చాలావరకు దెబ్బ ఏమీ ఉండదు. నేల మీంచి లేవడానికి రెక్కల్లో ఇంకా బలం చాలదు, అంతే. దానికి కావలసింది వైద్యం కాదు, ఎత్తు.

ఇక గూటి దగ్గర పెట్టిన కెమెరాల సంగతి. వాటిని నేను తక్కువ చేయను. మా అత్తగారు ఓ వేసవి మా దగ్గరికి వచ్చి, పొద్దున్న కాఫీ నుంచి మధ్యాహ్నం కునుకు దాకా లాప్‌టాప్‌లో క్లారా సంసారమే చూశారు. “పాపం పావురం అనాలో, పాపం పిల్లలు అనాలో తెలియటం లేదు అల్లుడుగారూ” అని వాపోయేవారు, చూడటం మాత్రం మానలేదు. బడిపిల్లలకి ఈ పక్షి దగ్గరైంది కెమెరా వల్లే. కానీ కెమెరా చూసేది పెట్టెనే. పిల్ల అంచు దాటిందంటే దాని పని అయిపోయినట్టే. ప్రమాదమంతా ఆ తర్వాతే ఉంది.

బర్క్‌లీలో ఇది బాగా తెలిసొచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయం నడిమధ్య 307 అడుగుల కాంపనీలి గంటల గోపురం మీద 2017లో ఒక జంట ఇసుక బస్తాల మీదే గుడ్లు పెట్టింది. ఆనీ, గ్రినెల్ అని పేర్లు పెట్టారు, అక్కడి జంతు మ్యూజియాన్ని నిలబెట్టిన ఆనీ అలెగ్జాండర్, దాని తొలి సంచాలకుడు జోసెఫ్ గ్రినెల్‌ల మీద గౌరవంతో. మొదటి సంవత్సరం పిల్లల పేర్లు ఫియట్, లక్స్. లక్స్ పక్క భవనం కిటికీ అద్దానికి కొట్టుకుని చనిపోయింది. 2022 మార్చి 31న మగపక్షి గ్రినెల్ ఊళ్లో కారు తగిలి పోయింది. ఆనీ గుడ్ల మీద ఉంది, ఒంటరిగా నెట్టుకురావడం కష్టం. ఆల్డెన్ అని తర్వాత పేరు పెట్టిన కొత్త మగపక్షి వచ్చి, తనవి కాని గుడ్ల మీద కూర్చుంది. దాన్ని లోకమంతా కెమెరాలో చూసింది. గ్రినెల్ మరణం మాత్రం తెలిసింది వీధిలో మనుషుల వల్ల.

జోసెఫ్ గ్రినెల్‌కి పేరొచ్చిన కారణాల్లో ఆయన నోటుబుక్కు పద్ధతి ఒకటి. ఏ రోజు, ఏ చోట, ఎంతసేపు, ఏం కనిపించింది, అదే రోజు సిరాతో రాయాలన్నాడు. మేం కాపలాలో రాసిచ్చే కాగితాలు ఆ వంశంలోవే. కొత్తగా చేరినవాళ్లు రెండు గంటలు నిలబడి ఏమీ కనబడలేదని కాగితం ఇవ్వకుండా వెళ్లిపోతుంటారు. అది తప్పు. ఆ ఖాళీ కాగితం విలువ 2022 తర్వాత తెలిసింది. ఆ వేసవిలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ కాలిఫోర్నియాలోకి వచ్చింది. అది బాతుల్లో, నీటి పక్షుల్లో తిరుగుతుంది. జబ్బుపడి నీరసించిన పక్షి డేగకి సులువైన వేట. ఆ తర్వాతి వసంతాల్లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల అలవాటైన గూళ్లు కొన్ని ఖాళీగా ఉంటూ వచ్చాయి. 2025 మొదట్లో ఆనీ కూడా కనిపించకుండా పోయింది. ఖాళీ అని ఎప్పుడు అనగలం? నిరుడు ఎవరో చూసి, ఉంది అని రాసి ఉంటేనే. ఫలానా చరియ మీద పదేళ్లుగా ఏటా జంట ఉంది, ఈ ఏడు నాలుగుసార్లు వెళ్లినా లేదు అని చెప్పడానికి సంస్థ చేతిలో ఉన్నవి ఇలాంటి వాళ్ల కాగితాలే. ఇప్పుడు శాస్త్రవేత్తలు మళ్లీ పాత స్థావరాలన్నీ తిరగేస్తున్నారు, మళ్లీ మనుషులు కావాలంటున్నారు. అరవై ఏళ్ల కిందట రాట్‌క్లిఫ్‌కి కావలసి వచ్చినట్టే.

ఈ సంచిక చదివి రావాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. జత కట్టే హడావుడి ఫిబ్రవరిలో మొదలవుతుంది. అప్పటి నుంచి నెలకి రెండుసార్లయినా ఒకే చోటికి వెళ్లగలిగితే చాలు, పక్షుల పాండిత్యం అక్కర్లేదు. గూటికి మరీ దగ్గరికి వెళ్లకండి. తల్లి కేకలు పెడుతోందంటే దగ్గరికి వెళ్లిపోయామన్నమాట. కొండల మీది గూళ్లు ఎక్కడున్నాయో ఫేస్‌బుక్‌లో పెట్టకండి, దొంగలు ఇప్పటికీ ఉన్నారు. జూన్‌లో పొద్దుటి వంతులకీ సాయంత్రం వంతులకీ జనం దొరుకుతున్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా సిటీ హాలు దగ్గర ఎండ దంచేస్తుంది, ఎవరూ ఉండటం లేదు. టోపీ, నీళ్ల సీసా మీవి. బైనాక్యులర్స్ లేకపోతే మేమిస్తాం. ఆ నాలుగు గంటలకి పేర్లు కావాలి.