తిరునాళ్ల ప్రయాణం: పంచాంగం నుండి టోకెను దాకా

జపాను దేశంలో చెర్రీ పూలు విరియబూసేది కొద్దిరోజులే. ఆ కొద్దిరోజులలో అక్కడ ఉండాలని జనం నెలల ముందుగానే బసలూ, రైలు టిక్కెట్లూ సంపాదించుకుంటారు. తీరా ఆ పూత ఒక ఏడు ముందుకు జరుగుతుంది, మరొక ఏడు వెనుకకు పోతుంది. క్యోటో నగరంలో ఆ పూలు పూచిన తేదీలు క్రీ.శ. 812 నుండి రాజాస్థానపు దినచర్యల్లో దొరుకుతున్నాయి. 2021లో మార్చి 26నాటికే పూత నిండుగా వచ్చి, పన్నెండు వందల ఏండ్ల లెక్కను దాటిందని చదివి ఆశ్చర్యపడ్డాను. పూలకు పంచాంగం లేదు. మా తిరుపతి వాళ్లకు మాత్రం రద్దీ ఎప్పుడో పంచాంగమే చెబుతుంది. అయినా ఆ రద్దీలో ప్రయాణం ఏర్పాటు చేసుకోవడం అంతకంటె సులువైన పని కాలేదు. ఆ కథే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాల లెక్క వెనుకనుండి మొదలవుతుంది. స్వామివారి నక్షత్రం శ్రవణం. కన్యామాసంలో ఆ నక్షత్రంనాటికి చక్రస్నానం పడేటట్లు తొమ్మిది రోజులు వెనుకకు లెక్కించి ధ్వజారోహణం నిర్ణయిస్తారు. అయిదవనాటి రాత్రి గరుడసేవ. అధికమాసం వచ్చిన ఏడు సాలకట్ల ఉత్సవాలకు తోడు నవరాత్రి బ్రహ్మోత్సవాలు కూడా జరుగుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది గనుక రెండూ జరిగాయి. ఈ నెలనే తమిళులు పురట్టాసి అంటారు, మా చిత్తూరు పల్లెల్లో పెరటాసి అంటారు. తిరుమల శనివారాలని తళిగలు వేసేదీ ఈ నెలలోనే.

ఈ ఉత్సవం ఎంత పాతదంటే, పదవ శతాబ్దిలో పల్లవ వంశపు సామవై అనే రాణి వెండి విగ్రహాన్ని సమర్పించి, పురట్టాసి ఉత్సవానికీ, మార్గళి ఉత్సవానికీ భూములిచ్చిన శాసనం తిరుమల గోడలపైనే ఉన్నది. అనగా రద్దీకాలాలు రెండూ, బ్రహ్మోత్సవాలూ ముక్కోటీ, వెయ్యేండ్లనాడే స్థిరపడ్డవి. విజయనగరపు రోజుల్లో దాతలు పెరిగినకొద్దీ ఏడాదిలో పలుమార్లు బ్రహ్మోత్సవాలు జరిపేవారు. కృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు మార్లు కొండకు వచ్చాడు. రాయలకు రద్దీ బాధ ఉండి ఉండదు లెండి.

ఇంత జనం వచ్చేచోట ధనమూ పోగుపడుతుంది. ధనం పోగుపడే రోజు ఏదో అందరికీ ముందే తెలుసు. అందుకని పద్ధెనిమిదవ శతాబ్దిలో యాత్రికులతోపాటు సేనలు కూడా ఈ ఉత్సవాన్ని చూచుకొని ప్రయాణం కట్టాయి! ఆర్కాటు నవాబు మహమ్మదాలీ తన అప్పులకు బదులుగా తిరుపతి ఆదాయాన్ని కుంఫిణీవారికి అప్పగించాడు. 1753లో మహమ్మద్ కమాల్ అనే సేనాని తిరుపతి మీదికి వచ్చి ఓడిపోయాడు. తరువాతి ఏండ్లలోనూ ఫ్రెంచివారూ, మరాఠాలూ ఈ ఆదాయం మీద కన్ను వేశారు. భక్తుడు రూపాయి ముడుపు కట్టుకొని వచ్చేది ఏ రోజుకో, ఆ రూపాయిని చేజిక్కించుకునేవాడు దండు కదిలించేదీ ఆ రోజుకే. మన చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక వాక్యంగా కూడా కనబడదు.

1801లో కుంఫిణీ పాలన నేరుగా వచ్చింది. 1821లో బ్రూసు కోడు అనే నియమావళి ఏర్పడింది. 1843లో దేవాలయ నిర్వహణ నుండి ప్రభుత్వం తప్పుకొని హాథీరాంజీ మఠపు మహంతులకు అప్పగించింది. 1933లో దేవస్థాన కమిటీ వచ్చేవరకు వారి పాలనే. ఈ వివరాలు చాలామంది ఎరిగినవే గనుక ఇంతటితో ముగిస్తాను.

నాకు ఆసక్తి కలిగించేది ఆనాటి యాత్రికుడి ఏర్పాటు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం విడిచి కాశీకి బయలుదేరినప్పుడు తొలి మజిలీల్లో తిరుపతి ఒకటి. పెద్ద పరివారం, పల్లకీలు, డేరాలు, బోయీలు వెంట ఉన్నారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. అంతటి ఏర్పాటు కలవారికే సాధ్యం. పల్లెటూరి రైతుకు ఉన్నది పసుపుగుడ్డలో కట్టిన ముడుపు, ఎద్దులబండి, తోటివారి గుంపు, దారిలో సత్రం. బయలుదేరేది నాట్లయి చేతికి కాస్త తీరిక దొరికినప్పుడు. జనం గుమిగూడినచోట కలరా భయం తప్పేది కాదు. కొండ క్రిందికి చేరాక అలిపిరి మెట్లు మూడు వేల అయిదు వందల యాభై, ఎక్కలేనివారికి డోలీ. చంద్రగిరి వైపునుండి వచ్చేవారికి శ్రీవారిమెట్టు దగ్గర, రెండు వేల నాలుగు వందల లోపు మెట్లే, కాని నిట్రం. ముసలివారు అలిపిరివైపే మేలనేవారు. ఇప్పటికీ అదే మాట.

1891 ప్రాంతంలో మీటరుగేజి రైలు తిరుపతికి వచ్చింది. పది రోజుల ప్రయాణం ఒకటి రెండు రోజులకు తగ్గింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేశారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా దానికి తోడ్పడింది. 1974లో రెండవది. ఈ రెండు రోడ్ల తరువాత కొండ దూరం తగ్గింది, గుడి ముందు వరుస మాత్రం పెరిగింది. దారిలో గడిపే కాలం క్యూలోకి మారిందని చెప్పవచ్చు. ఆ మార్పుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సాళువ మల్లయ్య 1464లో ఆలయం ఎదుట కట్టించిన వేయికాళ్ల మండపం 2003లో కూల్చివేయబడింది. జనానికి చోటు కావాలన్న వాదన నాకు అర్థం కాకపోలేదు. కాని అయిదున్నర శతాబ్దాలు యాత్రికులకు నీడనిచ్చిన మండపాన్ని యాత్రికుల పేరనే తీసివేయడాన్ని నేను ఇప్పటికీ సమర్థించలేను. అది ఉన్నచోట ఇప్పుడు నిలిచి చూచేవారికి అక్కడ ఒక మండపం ఉండేదని కూడా తెలియదు.

ఇక నేటి మాట. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ టిక్కెట్లు సుమారు మూడు నెలల ముందు అంతర్జాలంలో విడుదలవుతాయి. నిమిషాలు లెక్కపెట్టుకొని కూర్చోవాలి. చదువుకున్న పిల్లలు ఉన్న ఇంటికి అది సాధ్యం. పెరటాసి శనివారం చూచుకొని ముడుపు కట్టుకొనే అవ్వకు అది పంచాంగంకంటె కఠినమైన శాస్త్రం. ఆమెకు మిగిలింది తిరుపతిలో ఉచిత టోకెన్ల వరుస. ముక్కోటినాడే కాక పది రోజులపాటు వైకుంఠద్వారం తెరిచే పద్ధతి 2020 డిసెంబరు నుండి మొదలైంది. రద్దీ పలుచబడుతుందని అనుకున్నారు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడ దగ్గర ఆ టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అంటే గుడి దగ్గర కాదు, కొండమీద కాదు, చీటీ కోసం. ఆ తరువాతి ముక్కోటికి, అనగా 2025 డిసెంబరు 30 మొదలు మూడు రోజులకు, అంతర్జాలంలో ఈ-డిప్ ద్వారా చీటీ తీసి టోకెన్లు ఇచ్చారు. తొక్కిసలాట లేకుండా చేయడానికి ఇది మంచి మార్గమే. చీటీలో పేరు పడనివాడు ఇంటివద్దనే ఆగిపోతాడు. ఫోను లేని అవ్వ పేరు అసలు చీటీలోనికే ఎక్కదు. ఈ రెండవ సంగతిని ఎవరైనా ఆలోచించాలి.

ఇందుకు భిన్నమైన ప్రయాణమూ ఒకటి ఉన్నది. గరుడసేవకు చెన్నై నుండి గొడుగులు ఊరేగింపుగా తిరుమలకు వస్తాయి. శ్రీవిల్లిపుత్తూరు నుండి ఆండాళ్ మాలలు వస్తాయి. ఆ గొడుగుల వెంట నడిచేవారికి దారే ఉత్సవం. దర్శనం ఎన్ని గంటలకన్నది వారికి రెండవ ప్రశ్న.

మా ఊరి గంగజాతర సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వేసవిలో తాతయ్యగుంట గంగమ్మకు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేవరకు ఊరివాళ్లు ఊరు దాటి రాత్రి ఉండరాదని ఆచారం. బయటి ఊళ్లలో ఉన్నవారు చాటింపుకు ముందే వచ్చి చేరతారు. స్వామికి చెల్లెలంటారు గంగమ్మను. అన్న ఉత్సవానికి దేశమంతా ప్రయాణం కడుతుంది, చెల్లెలి జాతరకు ఊరు కదలదు.

దూరదేశాల మిత్రులు సెప్టెంబరులో వస్తాం, ఏర్పాటు ఎలాగని అడుగుతూ ఉంటారు. గరుడసేవనాడు ఘాట్ రోడ్డుమీదికి ద్విచక్రవాహనాలను రానీయరు. ఆ నాడే రాదలచుకుంటే దర్శనం ఆశ వదలుకొని మాడవీధిలో చోటు కోసం మధ్యాహ్నానికే కూర్చోండి. ఇంటిలో పెద్దవారు ఉంటే సంక్రాంతి దాటాక, పరీక్షలకు ముందు, వారం మధ్యలో రండి. అప్పుడు మెట్ల దారిలో గాలిగోపురం దగ్గర కూర్చొని క్రింది ఊరిని చూడటానికి తీరిక దొరుకుతుంది.