ఒళ్ళో బిడ్డ, గుడ్డ చాటున తల్లి

ఫొటోగ్రఫీ 1839లో లోకానికి తెలిసింది. ఆ తొలి రోజుల్లో ఒక్క ఫొటోకి చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. చంటిపిల్లలు కూర్చుంటారా? అందుకే ఇంగ్లండులో తల్లిమీద గుడ్డ కప్పి, ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి తీసేవారు. మన హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచి, పరదా పాటించే ఆడవాళ్ళ ఫొటోలు తీసే పని ఒక మహిళకే అప్పగించారు.

ఇప్పుడు కెమెరాకి రెప్పపాటు చాలు. పిల్లల బెరుకు మాత్రం అప్పటిదే. కాబట్టి ఏడాది నిండిందా అని కాదు, కొత్తవాళ్ళ దగ్గర కాసేపు ఆడుతుందా, నిద్ర తీరిందా, కడుపు నిండిందా అని చూడండి. పల్లె నుంచి గుంటూరు స్టూడియోకి బస్సులో వస్తే బడలిక తీరనివ్వండి. అప్పటికీ ఏడిస్తే మీ ఒళ్ళోనే తీయించండి. మీకిప్పుడు గుడ్డ కప్పుకునే పని లేదుగా!