2300 రోజులు, లేని ఒక సున్నా, ఒక రైతు

ప్రపంచం ఎప్పుడు అంతమవుతుందో తేదీతో సహా చెప్పినవాళ్ళు చరిత్రలో బోలెడంతమంది. వాళ్ళ గురించి చదివితే నాకు నవ్వైనా వస్తుంది, కోపమైనా వస్తుంది. విలియం మిల్లర్ విషయంలో మాత్రం రెండూ రావు. ఆయన మోసగాడు కాదు, పిచ్చివాడు అంతకన్నా కాదు. బైబిల్ని ఓ స్పెసిఫికేషన్ డాక్యుమెంటులా ముందేసుకుని చదివిన రైతు. లెక్క కూడా శ్రద్ధగానే వేశాడు. మరి తేడా ఎక్కడ కొట్టింది అన్నదే ఇక్కడి గొడవ.

మిల్లర్ 1782లో పుట్టాడు. న్యూయార్క్ రాష్ట్రంలో లో హాంప్టన్ అనే పల్లెలో వ్యవసాయం. దేవుడున్నాడు గానీ మన జోలికి రాడు అని నమ్మే రకం. 1814లో ప్లాట్స్‌బర్గ్ యుద్ధంలో పోరాడి వచ్చాక మనసు మారింది, 1816లో బాప్టిస్టు విశ్వాసంలోకి వచ్చాడు. నువ్వు నమ్మేదాన్ని నిరూపించగలవా అని పాత స్నేహితులు ఎగతాళి చేస్తే, బైబిల్నీ, ఏ పదం ఏ వచనంలో ఉందో చెప్పే పదసూచినీ పక్కపక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఒక సంకేతం అర్థం కాకపోతే అదే పదం ఇంకెక్కడ వచ్చిందో వెతకడం, అక్కడి అర్థం తెచ్చి ఇక్కడ పెట్టడం. మన భాషలో చెప్పాలంటే గ్రెప్ కొట్టడమే.

రెండేళ్ళ తర్వాత, 1818లో, దానియేలు గ్రంథం 8వ అధ్యాయం దగ్గర ఆయనకి జవాబు దొరికింది. ఆ దర్శనంలో రెండు కొమ్ముల పొట్టేలు ఉంటుంది. దాన్ని ఓ మేకపోతు పడగొడుతుంది. మేకపోతు పెద్ద కొమ్ము విరిగి నాలుగు కొమ్ములు మొలుస్తాయి, వాటిలో ఒకదాన్నుంచి ఓ చిన్న కొమ్ము పెరిగి, ఆలయంలో నిత్యబలిని ఆపేస్తుంది. ఇదెంతకాలం అంటే, 2300 రోజులు, ఆ తర్వాత ఆలయం శుద్ధి అవుతుంది అని జవాబు.

తమాషా ఏమిటంటే, ఇందులో సగం సంకేతాలకి అర్థం అదే అధ్యాయంలో ఉంది. గబ్రియేలు దూత వచ్చి, పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రీకు రాజ్యం అని చెప్పేస్తాడు. కామెంట్లు రాసిన కోడ్ అన్నమాట. 2300కి మాత్రం కామెంటు లేదు. అది నిజమే, దాచి ఉంచు అని మాత్రం అంటాడు.

ఆ ఖాళీని మిల్లర్ ఇలా పూరించాడు. సంఖ్యాకాండంలో 40 రోజుల తప్పుకి 40 ఏళ్ళ శిక్ష ఉంది. యెహెజ్కేలు 4వ అధ్యాయంలోనూ రోజుకో ఏడాది లెక్క ఉంది. కాబట్టి ప్రవచనంలో రోజంటే సంవత్సరం. (ఇది మిల్లర్ సొంత కల్పన కాదు. సాక్షాత్తూ ఐజాక్ న్యూటన్ కూడా ఈ పద్ధతిలోనే లెక్కలు వేశాడు. ఆయన పుస్తకం చనిపోయాక 1733లో అచ్చయింది.) మొదలు ఎక్కడ? పారసీక రాజు అర్తహషస్త ఎజ్రాని జెరూసలేంకి పంపిన క్రీ.పూ. 457. టెస్ట్ కేసు కూడా ఉంది. 9వ అధ్యాయంలోని 70 వారాలు, అంటే 490 ఏళ్ళు, అక్కణ్ణుంచి లెక్కపెడితే క్రీ.శ. 33, యేసు సిలువ దగ్గరికి వస్తుంది. పాస్! అయితే 2300లోంచి 457 తీసేస్తే 1843. క్రీస్తు రెండవ రాకడ అప్పుడే.

ఇది తేలాక ఆయన 13 ఏళ్ళు బహిరంగంగా ప్రసంగించలేదు. తన వాదనకి తనే అభ్యంతరాలు వెతుక్కున్నాడు. 1831లో గానీ వేదిక ఎక్కలేదు. తర్వాత బోస్టన్‌లో జాషువా హైమ్స్ అనే పాస్టరు పత్రిక పెట్టాడు, మృగాల బొమ్మలూ అంకెలూ వేసిన చార్టులు ఊరూరా తిరిగాయి. నమ్మినవాళ్ళు 50 వేల నుంచి లక్ష దాకా ఉంటారని అంచనాలు.

1844 మార్చి 21 వరకు గడువు. దాటిపోయింది. మిల్లర్ తన పొరపాటు ఒప్పుకుంటూ ప్రకటన ఇచ్చాడు. ఇంతలో ఓ బగ్ బయటపడింది. క్రీ.పూ. 1 తర్వాత వచ్చేది క్రీ.శ. 1, మధ్యలో సున్నా సంవత్సరం లేదు! 457 మధ్యలో మొదలైతే 2300 పూర్తయ్యేది 1844 మధ్యలో. మనం రోజూ చేసే ఆఫ్-బై-వన్ తప్పే. ఆ ఆగస్టులో శామ్యూల్ స్నో అనే ప్రచారకుడు ఇంకో అడుగు వేశాడు. యూదుల ప్రధాన యాజకుడు ఆలయాన్ని శుద్ధి చేసేది ఏడో నెల పదో రోజున, అంటే ప్రాయశ్చిత్త దినాన. కరాయిట్ యూదుల క్యాలెండర్ ప్రకారం అది 1844 అక్టోబరు 22. (మిగతా యూదులు దాన్ని సెప్టెంబరు 23నే చేసుకున్నారు.)

నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. సున్నా దిద్దుబాటు నూటికి నూరుపాళ్ళు కరెక్టు. అంత కచ్చితమైన దిద్దుబాటు చూశాక, రోజంటే ఏడాది అని ఎవరు చెప్పారు అన్న మొదటి ప్రశ్న ఎవరికి గుర్తొస్తుంది? బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేసినవాళ్ళున్నారు. మిల్లర్ కూడా అక్టోబరు మొదట్లో ఒప్పేసుకున్నాడు. తెల్ల అంగీలు వేసుకుని కొండలెక్కి కూర్చున్నారన్న కథ మాత్రం వెక్కిరింపుగా పుట్టిందేనంటూ 1944లో ఓ అడ్వెంటిస్టు రచయిత ఏకంగా పుస్తకమే రాశాడు.

22 గడిచింది. ఏమీ జరగలేదు. మర్నాడు పొద్దున హైరమ్ ఎడ్సన్ అనే అనుచరుడికి జొన్నచేనులాంటి మొక్కజొన్న పొలంలో నడుస్తుంటే తట్టింది: తేదీ తప్పు కాదు, శుద్ధి కావలసిన ఆలయం భూమ్మీదది కాదు, పరలోకంలోది! అంకె అలాగే ఉంది, సంకేతానికి అర్థం మారింది. ఈసారి తప్పని తేల్చడానికి ఎవరూ వెళ్ళి చూసి రాలేరు. ఆ ఆలోచన మీద నిలబడ్డ సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం 1863లో ఏర్పడింది. మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళదే.

ఇంతకీ ఆ దర్శనానికి పాత కాలంలోనే ఇంకో అర్థం ఉంది. చిన్న కొమ్ము గ్రీకు కొమ్ముల్లోంచి వచ్చింది కదా. సెల్యూకిడ్ రాజు నాలుగో ఆంటియోకస్ క్రీ.పూ. 167లో జెరూసలేం ఆలయాన్ని అపవిత్రం చేశాడు, మూడేళ్ళకి మక్కబీయుడైన యూదా శుద్ధి చేశాడు. యూదుల హనుక్కా పండగ దానికే. హీబ్రూలో ఆ వచనంలో ఉన్నది 'రోజులు' కాదు, 'సాయంత్రం ఉదయం'. పొద్దుటి బలి, సాయంత్రం బలి విడివిడిగా లెక్కపెడితే 1150 రోజులు, అంటే మూడేళ్ళ పైచిలుకు. సరిగ్గా అతకదు గానీ దగ్గరికొస్తుంది. ఈ రాతలు ఆంటియోకస్ కాలానివే అని 3వ శతాబ్దంలో పోర్ఫిరీ అన్నాడు, ఇప్పటి పండితుల్లో ఎక్కువమందీ అదే అంటారు. సంప్రదాయ విశ్వాసులు ఒప్పుకోరు. మిల్లర్‌కి మాత్రం ఆ కొమ్ము రోమ్.

అన్నట్టు, అదే 1844 మే నెలలో ఇరాన్‌లోని షిరాజ్‌లో బాబ్ అనే యువకుడు తన మతాన్ని ప్రకటించాడు. దానియేలు చెప్పిన 2300 ఆ ఏడాదితోనే నెరవేరిందని బహాయీలు నమ్ముతారు. అదే 457, అదే రోజుకో ఏడాది.

మిల్లర్ ఎడ్సన్ వ్యాఖ్యానం వైపు వెళ్ళలేదు. కొత్త తేదీ కూడా చెప్పలేదు. 1849 డిసెంబరులో, ఎదురుచూస్తూనే, పోయాడు.