డెబ్బై దగ్గర మలుపు తిరిగే ఫ్రెంచి లెక్క

ఫ్రెంచి మొదలుపెట్టిన తెలుగువాళ్లకు తొలి పాఠాలు హాయిగా సాగిపోతాయి. తండ్రి పేర్, తల్లి మేర్, అన్నైనా తమ్ముడైనా ఫ్రేర్. పితృ, మాతృ, భ్రాత మనకు తెలిసినవే కాబట్టి నాలుక ఇట్టే తిరుగుతుంది. అంకెల్లోనూ అంతే. సెత్ వింటే సప్తమి, నఫ్ వింటే నవమి, దిస్ వింటే దశమి గుర్తొస్తాయి. పంచాంగం చదివే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇవి సగం వచ్చినట్టే.

ఈ చుట్టరికాన్ని మొట్టమొదట గుర్తుపట్టి రాసిపెట్టిన కొద్దిమందిలో తెలుగు నేర్చిన ఒక ఫ్రెంచి పాద్రీ ఉన్నాడు. ఆయన పేరు గాస్తోఁ లోరాఁ కెర్దూ. 1691లో ఫ్రాన్సులోని బూర్జ్‌లో పుట్టి, దక్షిణాదిలో దశాబ్దాలు గడిపి, 1779లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం మూడూ కలిపి నిఘంటువు కూర్చాడు. సంస్కృతంలో లాటిన్, గ్రీకు మాటల పోలికలు ఇన్ని ఎలా వచ్చాయని ఆలోచించి, వీటన్నిటి మూలం ఒక్కటే అయి ఉండాలని 1767లో పారిస్ అకాడమీకి రాసి పంపాడు. ఇదే సంగతి విలియం జోన్స్ అనే ఇంగ్లీషు పండితుడు కలకత్తాలో చెప్పింది 1786లో. కెర్దూ రాత 1808 దాకా అచ్చు కాలేదు, పేరంతా జోన్స్‌కే పోయింది. మన పాఠ్యపుస్తకాల్లోనైనా కెర్దూకు ఒక పేజీ దక్కాలి.

ఇక లెక్కల సంగతి. 11 నుంచి 16 దాకా లాటిన్ మాటలే అరిగి ఒంజ్, దూజ్, త్రేజ్ అంటూ సేజ్ దాకా వచ్చాయి. 17 దగ్గర లాటిన్ మాట వాడుక తప్పి, పది-ఏడు అని జోడించి చెప్పే పద్ధతి వచ్చింది. అక్కడి నుంచి 69 దాకా పేచీ లేదు. అసలు చిక్కు ఆ తర్వాతే. 70ని స్వాసాంత్ దిస్ అంటారు, అంటే అరవై-పది. 75 అరవై-పదిహేను. 80 కాత్ర్ వాఁ, నాలుగు ఇరవైలు. 97 చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు.

ఫ్రాన్సులో ఎవరైనా ఫోన్ నంబరు చెబుతుంటే రాసుకోవాల్సి వచ్చినప్పుడు దీని తడాఖా తెలుస్తుంది. పది అంకెలనూ రెండేసి జతలుగా చెబుతారు. అవతలివాళ్లు స్వాసాంత్ అనగానే మన చెయ్యి 6 వేసేస్తుంది. వెంటనే కాంజ్ వినిపిస్తుంది. అది 75. 6 కొట్టేసి 7 వేసేలోగా వాళ్లు తర్వాతి జతలోకి వెళ్లిపోతారు. కాత్ర్ విని 4 వేస్తే, వాఁ వినగానే అది 8 అవుతుంది, వెనకే దిస్ కూడా వస్తే 9 అవుతుంది. జత పూర్తిగా చెవిన పడేదాకా కలం ఆపడమొక్కటే దారి.

ఈ మెలిక ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్‌లో 70, 80, 90లకు తిన్నని మాటలే ఉన్నాయి. వాటి నుంచి సెప్తాంత్, ఒక్తాంత్, నొనాంత్ పుట్టాయి. వాటి పక్కనే మధ్యయుగాల ఫ్రాన్సులో ఇరవైల లెక్క కూడా నడిచింది. 60ని మూడు ఇరవైలనీ, 120ని ఆరు ఇరవైలనీ అనేవారు. ఇది రోమన్లకు ముందు అక్కడున్న గాల్ జాతి సొత్తని కొందరంటారు. వాళ్ల భాషకు బంధువులైన బ్రెటన్, వెల్ష్ భాషల్లో ఇరవైల లెక్క నేటికీ ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన నార్మన్లు తెచ్చారని మరికొందరంటారు. పండితుల వాదం ఇంకా తెగలేదు.

వాడుకకు మాత్రం గట్టి సాక్ష్యాలున్నాయి. 1260 ప్రాంతంలో తొమ్మిదో లూయీ రాజు పారిస్‌లో 300 మంది అంధులకు ఆశ్రయం కట్టించాడు. దానికి కాంజ్ వాఁ అని పేరు, అంటే పదిహేను ఇరవైలు. ఆ పేరుతోనే అది ఇప్పుడు పెద్ద కంటి ఆసుపత్రి. మోలియేర్ 1668లో ఆడించిన పిసినారి నాటకంలో, ముసలాయన్ని పొగిడి పని సాధించుకోవాలని చూసే ఆవిడ నువ్వు ఆరు ఇరవైల ఏళ్లు దాటి బతుకుతావని ఆయన్ని ఉబ్బిస్తుంది.

అంతకు ముందే, 1647లో, వోజ్లా అనే భాషాశాసకుడు సెప్తాంత్ మంచి ఫ్రెంచి కాదని తేల్చాడు. డెబ్బైమంది చేశారని చెప్పే బైబిలు గ్రీకు అనువాదం పేరులో తప్ప దానికి చోటు లేదన్నాడు. రాజాస్థానం మాటే ప్రమాణం అయిన కాలం అది. అలా 60 దాకా పదుల లెక్క, ఆపైన ఇరవైల లెక్క స్థిరపడిపోయాయి. బెల్జియం, స్విట్జర్లాండ్ ఆ తీర్పును పట్టించుకోలేదు. అక్కడ 70 సెప్తాంత్, 90 నొనాంత్. 80కి మాత్రం బెల్జియం, జెనీవా కాత్ర్ వాఁ అనే అంటాయి, లోజాన్ వైపు ఉయితాంత్ అంటారు. చిన్నపిల్లలకు లెక్కలు నేర్పడానికి వీళ్ల పద్ధతే మేలని నా నమ్మకం.

లెక్కను చిక్కు చేసుకున్న ఫ్రెంచి, చుట్టరికాల్లో మాత్రం ఉన్న తేడాలనే చెరిపేసుకుంది. పాత లాటిన్‌కు మనలాగే పట్టింపులుండేవి. బాబాయికి పాత్రూస్, మేనమామకు అవుంకులుస్, మేనత్తకు అమీతా, పిన్నికి మాతెర్తెరా. ఫ్రెంచికి వచ్చేసరికి వీటిలో రెండు రాలిపోయాయి. మేనమామ మాట ఓంక్ల్‌గా మారి బాబాయినీ కలుపుకుంది, మేనత్త మాట తాంత్‌గా మారి పిన్నినీ కలుపుకుంది. ఒక ఫ్రెంచి అబ్బాయి మా ఓంక్ల్ వచ్చాడంటే ఏ వైపు బంధువో మళ్లీ అడగాల్సిందే.

అత్తమామల మాటలదీ చిత్రమైన దారే. మధ్యయుగాల్లో బో, బెల్ అన్నవి ఎదుటివాళ్లను ఆదరంగా పిలిచే మాటలు. లాటిన్ నుంచి వచ్చిన పాత పేర్లు పోయి, మామగారు బో పేర్, అత్తగారు బెల్ మేర్ అయ్యారు. సవతి తల్లికి వేరే మాట ఉండేది, మరాత్ర్. అది రానురాను తిట్టుగా మారిపోవడంతో ఆవిణ్ణీ బెల్ మేర్ అనే అంటున్నారు.

ఫ్రెంచి నేర్పే టీచర్లకు ఒక విన్నపం. 80 చెప్పే రోజున ఆ మూడు వందల మంది అంధుల ఆసుపత్రి కథ కూడా రెండు నిమిషాలు చెప్పండి. బ్రసెల్స్‌కో జెనీవాకో చదువుకు వెళ్లే పిల్లలైతే సెప్తాంత్, నొనాంత్ ఇక్కడే నేర్చుకుని బయల్దేరండి. అక్కడ దిగిన రోజు నుంచే అవి చెవిన పడతాయి.