మ్యూజిక్ లైబ్రరీల్లో ఫోల్డర్ ట్రీ: కీబోర్డు షార్ట్‌కట్ల చరిత్ర

కంప్యూటర్లో దాచుకున్న పాటలను ఫోల్డర్లుగా, వాటి లోపలి ఫోల్డర్లుగా విడదీసి చూపే పట్టీని ఫోల్డర్ ట్రీ అంటారు. మౌస్ ముట్టుకోకుండా ఈ చెట్టులో పైకీ కిందికీ తిరగడానికీ, కొమ్మలను విప్పడానికీ మూయడానికీ వాడే కీల చరిత్ర ఇది. వీటిలో పాటల కోసమే పుట్టినవి దాదాపు లేవు. బాణాలు, ప్లస్, మైనస్, నక్షత్రం గుర్తు అన్నీ ఫైల్ మేనేజర్ల నుంచి వచ్చినవే. మ్యూజిక్ ప్లేయర్లు సొంతంగా తెచ్చుకున్న కీలు వేరే ఉన్నాయి. ఆ రెండు అలవాట్లకూ ఒకే కీబోర్డు మీద సులువుగా పొత్తు కుదరలేదు.

ఫోల్డర్‌లో ఫోల్డర్ అనే ఏర్పాటు 1960లలో మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రూపుదిద్దుకుని యూనిక్స్ ద్వారా వ్యాపించింది. ఎంఎస్-డాస్ వాడేవాళ్లకు అది 1983లో, 2.0 వెర్షన్‌తో అందింది. అప్పట్లో ఒక చోటు నుంచి మరో చోటికి వెళ్లాలంటే ‘సీడీ’ అనే ఆదేశం కొట్టి దారి పేరు రాయాల్సిందే. 1985లో వచ్చిన ఎక్స్‌ట్రీ అనే ప్రోగ్రాము ఆ చెట్టునంతా తెర మీద గీసి చూపించి, బాణాలతో తిరగనిచ్చింది. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఫైల్ మేనేజర్లో ప్లస్ నొక్కితే ఒక మెట్టు విచ్చుకునేది, మైనస్ నొక్కితే ముడుచుకునేది, నక్షత్రం నొక్కితే ఆ కొమ్మ చివరంటా తెరుచుకునేది.

ఇప్పటి అలవాటు స్థిరపడింది మాత్రం 1995లో, విండోస్ 95తో. అందులోని ట్రీలో కుడి బాణం నొక్కితే మూసి ఉన్న ఫోల్డర్ విచ్చుకుంటుంది. మళ్లీ నొక్కితే లోపలి మొదటి ఫోల్డర్ మీదికి వెళ్తాం. ఎడమ బాణం తెరిచి ఉన్నదాన్ని మూస్తుంది. అది ముందే మూసి ఉంటే పై ఫోల్డర్‌కు చేరుస్తుంది. పేరులోని మొదటి కొన్ని అక్షరాలు గబగబా కొడితే నేరుగా ఆ పేరు దగ్గరే ఆగుతాం. రెండే బాణాలకు నాలుగు పనులు ఒప్పజెప్పి, ఎక్కడా తికమక లేకుండా చేసిన ఈ పద్ధతి కంప్యూటర్ రూపకల్పనలో చెప్పుకోదగ్గ పనితనం. మైక్రోసాఫ్ట్ దీన్ని ఇతర ప్రోగ్రాములు కూడా వాడుకునే ఉమ్మడి భాగంగా ఇవ్వడంతో, విండోస్‌లో ఆ ట్రీని పెట్టుకున్న ప్లేయర్లకు ఈ కీలు అడక్కుండానే వచ్చాయి. నక్షత్రం కీతో మాత్రం జాగ్రత్త అవసరం: వేల ఆల్బములున్న లైబ్రరీలో పై ఫోల్డర్ మీద దాన్ని నొక్కితే, చెట్టంతా విచ్చుకుని వెతికేది కనబడకుండా పోతుంది.

లినక్స్‌లో జీటీకే అనే టూల్‌కిట్ ఆధారంగా రాసిన ప్లేయర్ల దారి వేరు. ఆ ట్రీలో మామూలుగా షిఫ్ట్‌తో కలిపి కుడి బాణం నొక్కితే కొమ్మ విచ్చుకుంటుంది. పై ఫోల్డర్‌కు చేర్చేది బ్యాక్‌స్పేస్.

ప్లేయర్ల సొంత కీలకు మూలం 1997లో వచ్చిన విన్‌యాంప్. కీబోర్డు కింది వరుసలో పక్కపక్కనే ఉండే జడ్, ఎక్స్, సి, వి, బి కీలను అది వెనక పాట, ప్లే, పాజ్, స్టాప్, తర్వాతి పాటలకు కేటాయించింది. జె కీ పాట పేరు వెతికే పెట్టెను తెరిచేది. పాటల వరుస ఒక్కటే ఉన్నంతకాలం ఇది హాయిగా సాగింది. పక్కన ట్రీ వచ్చి చేరాకే పేచీ మొదలైంది. సి అక్షరం కొడితే పాట ఆగాలా, సితో మొదలయ్యే ఫోల్డర్‌కు వెళ్లాలా? స్పేస్‌బార్ పాటను ఆపాలా, కొమ్మను విప్పాలా? ట్రీ మీద ఉన్నంతసేపూ అక్షరాలను ట్రీకే వదిలేయడం న్యాయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పాటను ఆపడానికి చాలా కీబోర్డుల్లో విడిగా మీడియా కీలు ఉండనే ఉన్నాయి.

2001లో వచ్చిన ఐట్యూన్స్ ఫోల్డర్లను పక్కన పెట్టి, కళాకారుడు, ఆల్బమ్ వంటి ట్యాగుల ఆధారంగా పాటలను చూపింది. 2002లో పీటర్ పావ్‌లోవ్‌స్కీ విడుదల చేసిన ఫూబార్2000 రెంటికీ చోటిచ్చింది: దాని ఆల్బమ్ లిస్ట్‌ను ట్యాగుల వారీగానూ, ఫోల్డర్ల వారీగానూ చూడవచ్చు, ఏ ఆదేశానికి ఏ కీ ఉండాలో వాడేవారే నిర్ణయించుకోవచ్చు. టెర్మినల్‌లో నడిచే సీమస్ అనే ప్లేయర్ ఈ కీల పేచీని మరోలా తీర్చింది. విన్‌యాంప్ ఐదు కీలను అలాగే ఉంచి, కదలికకు వీఐ ఎడిటర్ నుంచి జె, కె కీలను తెచ్చుకుంది. లైబ్రరీ ట్రీలో స్పేస్ కొమ్మను విప్పి మూస్తుంది. 5 నొక్కితే ఫోల్డర్ల తెర వస్తుంది. అందులో ఎంటర్ లోపలికి, బ్యాక్‌స్పేస్ వెలుపలికి తీసుకెళ్తాయి.

తెలుగు పాటల సేకరణల్లో ఫోల్డర్లకు పట్టు ఎక్కువ. మన శ్రోత పాటను ముందుగా సినిమా పేరుతో గుర్తుపెట్టుకుంటాడు. గాయకుడు, సంగీత దర్శకుడు ఆ తర్వాతే. కాబట్టి సినిమాకొక ఫోల్డర్ పెట్టుకోవడం సహజంగానే అలవాటైంది. దీనికి సాంకేతిక కారణమూ ఉంది. పాట వివరాలను ఫైల్లోనే దాచే ఐడీ3 ట్యాగు 1996 నాటి మొదటి రూపంలో పాట పేరుకు 30 బైట్లే చోటు, తెలుగు లిపికి ఏర్పాటే లేదు. 1998లో వచ్చిన రెండో రూపంలో యూనికోడ్ చేరింది కానీ, పాత ఫైళ్ల ట్యాగులు వాటంతట అవి మారవు కదా. ఫోల్డర్ పేరును తెలుగులో రాసుకున్నవారికి మరో చిక్కుంది: మొదటి అక్షరాలతో దూకాలంటే కీబోర్డును ముందు తెలుగుకు మార్చుకోవాలి. ‘మాయాబజార్’ అని ఇంగ్లీషు లిపిలో రాసి ఉంటే ‘ఎం, ఎ, వై’ కొట్టగానే చేరుకోవచ్చు. ఫోల్డర్ల పేర్లను ఇంగ్లీషు లిపిలో ఉంచడంలో ఈ సౌకర్యం ఉంది.

చూపులేని శ్రోతలకు ఈ కీలే ఆధారం. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లు ట్రీలో కదిలినప్పుడల్లా ఫోల్డర్ పేరుతో పాటు అది తెరిచి ఉందా మూసి ఉందా, ఎన్నో మెట్టులో ఉందో చదివి వినిపిస్తాయి. ప్లేయర్ తయారీదారు తెర అందం కోసం ట్రీని సొంతంగా గీసుకుని ఈ సమాచారం అందించకపోతే, వాళ్లకు ఆ లైబ్రరీ మూసిన తలుపే. వెబ్ పేజీల్లో ఇలాంటి సమాచారం అందించే మార్గాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2014లో వాయ్-ఏరియా ప్రమాణంగా ఖరారు చేసింది. దానితో పాటు ఇచ్చే మార్గదర్శకాలు ట్రీలో కుడి, ఎడమ బాణాలకు చెప్పే పనులు విండోస్ 95 నాటివే.