విజయనగరం గానపాఠశాల: వచ్చిన విద్వాంసులు, నిలిచిన సంగీతం

విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919 ఫిబ్రవరి 5న శ్రీ విజయరామ గానపాఠశాల అనే పేరుతో మొదలయింది. స్థాపకుడు మహారాజు పూసపాటి విజయరామ గజపతి. మొదటి ప్రధానాచార్యుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, మొదటి వయొలిన్ ఆచార్యుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఈ ముగ్గురి పేర్లూ తెలుగునాట సంగీతప్రియులందరికీ తెలిసినవే. ఈ ఊరి సంగీతంలో ఎక్కువ భాగం పొరుగూళ్ల నుంచి నడిచివచ్చిందన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు. కచేరీ చేసి సెలవు తీసుకున్నవారు కొందరు, విద్య కోసం వచ్చినవారు మరికొందరు, వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు ఇంకొందరు. ఒక విద్వాంసుడు పాడి వెళ్లిన పాట ఊళ్లో నిలవాలంటే ఏమేం కావాలో ఈ పాఠశాల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

విద్వాంసులను రప్పించి నిలుపుకునే పని పాఠశాలకు ముందు సంస్థానం చేసింది. 1879 నుంచి 1897 వరకు ఏలిన ఆనంద గజపతి స్వయంగా సంగీతజ్ఞుడు, పండితపోషకుడు. పూసపాటి వంశానికి కాశీతో గట్టి సంబంధాలుండేవి. అందుకే దక్షిణాది సంస్థానాల్లో అరుదైన హిందుస్తానీ గానం ఇక్కడి ఆస్థానంలో సహజంగా వినిపించేది. మహబత్ ఖాన్ అనే గాయకుడు ఈ ఆస్థానంలోనే ఉండేవాడు. నారాయణదాసుకు హిందుస్తానీ బాణీ పట్టుబడడం వెనుక ఆయన సాంగత్యం ఉంది. వైణికుడు వెంకటరమణదాసు వీణ ఒకవైపు, పండితుల వాదోపవాదాలు ఇంకొకవైపు, నాటకాలు మరొకవైపు సాగేవి. గురజాడ అప్పారావు కన్యాశుల్కం మొదటిసారి రంగమెక్కింది 1892లో ఈ ఊళ్లోనే, జగన్నాథ విలాసినీ సభ వారి ప్రయత్నంతో. అయితే ఆస్థాన కచేరీకి ఒక హద్దుండేది. రాజుగారి అభిరుచిని బట్టి విద్వాంసులు వచ్చేవారు, రాజుగారు పిలిచినవారే వినేవారు. రాజు మారితే ఆ ఏర్పాటంతా మారిపోవచ్చు.

ఒక్క ప్రదర్శన ఊరి దారినే మార్చగలదనడానికి విజయనగరంలో మంచి నిదర్శనం ఉంది. 1883 ప్రాంతంలో చెన్నపట్నం నుంచి కుప్పుస్వామినాయుడు అనే భాగవతుడు వచ్చి హరికథ చెప్పాడు. విన్నవారిలో ఇరవై ఏళ్లు కూడా నిండని విద్యార్థి ఒకడున్నాడు. 1864లో బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో పుట్టి, ఇంగ్లీషు చదువు కోసం విజయనగరం చేరిన ఆదిభట్ల నారాయణదాసు అతనే. అప్పటికే గొంతు ఉంది, పురాణజ్ఞానం ఉంది, ఆశువుగా పద్యం చెప్పే నేర్పు ఉంది. అవన్నీ ఒకేచోట ఇమిడే రూపం ఆ కథలో కనిపించింది. వెంటనే ధ్రువచరిత్రను హరికథగా కూర్చుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పైన అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షం, రుక్మిణీ కల్యాణం, యథార్థ రామాయణం వరుసగా వచ్చాయి. చెన్నపట్నం భాగవతుడు తన కథ ముగించుకుని వెళ్లిపోయాడు. తెలుగు హరికథ మాత్రం ఆ రోజు విన్న విద్యార్థి చేతుల్లో కొత్త రూపం పోసుకుంది.

ఆ రూపాన్ని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండ, వెనుక మృదంగం, వయొలిన్: పైకి కనిపించే సరంజామా ఇంతే. కథకుడు ఒక్కడే పాడాలి, ఆడాలి, వచనం చెప్పాలి, పాత్రలన్నీ తానే కావాలి. ఇన్ని పనుల మధ్య లయ జారకూడదు. నారాయణదాసు శరీరంలోని అయిదు అంగాలతో అయిదు తాళాలు ఒకేసారి నడిపేవాడని ప్రసిద్ధి. పంచముఖీ పరమేశ్వరుడన్న బిరుదు ఆ ప్రజ్ఞ వల్ల వచ్చింది. తొంభై రాగాలను ఒకే మాలికగా అల్లిన దశవిధరాగ నవతి కుసుమ మంజరి ఆయన శాస్త్రజ్ఞానానికి సాక్ష్యం. మైసూరు వంటి పెద్ద సంస్థానాల్లో గండపెండేరాలూ సత్కారాలూ పొందగలిగిన మనిషి, ఏ ప్రభువు కొలువులోనూ చేరనని పట్టుబట్టాడు. విజయరామ గజపతి ఆ పట్టుదలను గౌరవించాడు. పాఠశాలను శ్రీరామునికి అంకితం చేసి, దాని బాధ్యత దాసుగారికి అప్పగించాడు. ప్రభువు పేరూ దేవుని పేరూ కలిసివచ్చేలా విజయరామ గానపాఠశాల అన్న పేరు కుదిరింది. దాసుగారు నరుని కొలువు చేసినట్టూ కాలేదు, ఊరు ఆయనను వదులుకున్నట్టూ కాలేదు.

స్థాపనకు మరో కారణం కూడా చెబుతారు. ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు అంధుడు, సంగీతం మీద మక్కువ గలవాడు. అతనికి ఒక దారి చూపబోయి మహారాజు అందరికీ పనికివచ్చే పాఠశాలనే పెట్టించాడంటారు. గురువు ఇంట్లో చేరి ఏళ్ల తరబడి శుశ్రూష చేస్తేనే విద్య దొరికే రోజుల్లో, పాఠ్యక్రమం, తరగతులు, పరీక్షలు ఉన్న సంగీతశాల తెలుగువారికి కొత్త.

వెంకటస్వామినాయుడు రావడం ఈ సంస్థకు దక్కిన పెద్ద అదృష్టం. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు తొలి పాఠాలు చెప్పింది అన్న వెంకటకృష్ణయ్య. గానపాఠశాలలో విద్యార్థిగా చేరుదామని వచ్చిన ఆ పాతికేళ్ల యువకుడి వాదనం విని, ఇతనికి నేర్పవలసింది లేదని తేల్చి ఆచార్య పదవి ఇచ్చారు. నారాయణదాసు విరమించాక 1936లో ప్రధానాచార్యుడై 1953 వరకు ఆ బాధ్యత మోశారు. వయొలిన్ అంటే గాత్రం వెనుక నడిచే పక్కవాద్యమేనని అందరూ అనుకునే కాలంలో ఆయన దాన్ని వేదిక మధ్యకు తెచ్చి పూర్తి నిడివి కచేరీలు చేశారు. పాశ్చాత్య వాదకుల గ్రామఫోను రికార్డులు శ్రద్ధగా విని, కమాను పట్టులోనూ నాద స్వచ్ఛతలోనూ వారి నుంచి తీసుకోదగినది తీసుకున్నారు. రాగం మాత్రం అచ్చంగా మనదే. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది, 1957లో పద్మశ్రీ వచ్చింది. పేరు ఎంత దూరం పాకినా, మద్రాసు సభల నుంచి తిరిగి వచ్చి తరగతిలో సరళీస్వరాలు దిద్దించిన ఆచార్యుడాయన. బయటి వేదికల మీద విన్నదీ చూసినదీ ఆయన వెంట విజయనగరం తరగతి గదికి చేరేది. కొత్త సంగతులు వినాలంటే విద్యార్థులు మద్రాసు దాకా పోనక్కరలేకపోయింది.

విద్య కోసం వచ్చినవారిని ఊరు ఎలా ఆదరించిందో గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితం చెబుతుంది. కృష్ణా జిల్లా నుంచి చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చిన కుర్రవాడు. సత్రంలో భోజనం దొరకని రోజులు వచ్చాయి. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి ఇంట ఉంచుకుని పాఠం చెప్పారు. సాలూరు చినగురువుగా పేరు పొందిన ఆ గురువు సంపన్నుడు కాదు. జోలె భుజాన వేసుకుని మధుకరం ఎత్తుకోవడం ఘంటసాలకు ఆయనే అలవాటు చేశారు. వీధి వీధీ తిరిగితే ఇల్లాళ్లు పెట్టిన అన్నమే రెండు పూటలకూ సరిపోయేది. కష్టంతో కూడిన పద్ధతే అయినా అందులో అవమానం ఉందని గురువు గానీ ఊరు గానీ భావించలేదు. సంగీతశాలకు భవనం, జీతాలు సంస్థానం ఇస్తే, దాని విద్యార్థులకు అన్నం పెట్టింది ఊరివారు. ఈ చరిత్రలో ఆ గృహిణుల పాలు చాలా పెద్దది, వారి పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. 1942లో ఘంటసాల చదువు ముగించుకున్నారు.

అదే కాలంలో, 1940లో, పిఠాపురం దగ్గరి కొత్తపల్లికి చెందిన నేదునూరి కృష్ణమూర్తి ఇక్కడ చేరి ద్వారం నరసింగరావు దగ్గర గాత్రం, వయొలిన్ అభ్యసించారు. తర్వాత శ్రీపాద పినాకపాణి దగ్గర మెరుగులు దిద్దుకుని, 1991లో సంగీత కళానిధి అయ్యారు. ఆచార్యుడు వెంకటస్వామినాయుడికి ఆ గౌరవం దక్కిన సరిగ్గా యాభై ఏళ్లకు ఈ కళాశాల విద్యార్థికి అది అందింది. ఊరి ఆడపడుచు పి. సుశీల ద్వారం భావనారాయణరావు దగ్గర ఇక్కడే డిప్లొమా పూర్తి చేసి సినిమా గానానికి వెళ్లారు. వీణకు వాసా కుటుంబపు వైణికుల బాణీ ఉండనే ఉంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే చెక్కతో తొలిచే వీణలు ఆ పక్కనే తయారవుతుండగా, వీణ తరగతికి వాద్యాల కోసం వెతుక్కోవలసిన పని ఉండేది కాదు.

పరవూరి విద్వాంసుడు ఒక చిన్న పట్నానికి వచ్చి కచేరీ చేయాలంటే సంభావన ఒక్కటే చాలదు. రావడానికి దారి కావాలి. 1890వ దశకంలో తూర్పుతీరం వెంట రైలు పడ్డాక మద్రాసు, కలకత్తా రెండూ విజయనగరానికి అందుబాటులోకి వచ్చాయి. పిఠాపురం, బొబ్బిలి, జయపురం, పర్లాకిమిడి సంస్థానాలు చుట్టూ ఉండడంతో ఒకచోటికి బయలుదేరిన కళాకారుడు నాలుగుచోట్ల పాడి తిరుగు రైలెక్కే వీలుండేది. బస కావాలి, వేళకు భోజనం కావాలి. ఇవి డబ్బుతో కుదిరే పనులు. పక్కవాద్యాలు అలా కుదరవు. గాయకుడు వయొలిన్, మృదంగం వాయించేవారిని వెంటబెట్టుకు వస్తే ఖర్చు మూడింతలవుతుంది. స్థానికంగా సమర్థులు దొరికితే ఒక్కడే రావచ్చు. గానపాఠశాల ఉన్నందువల్ల విజయనగరంలో ఆ లోటు లేకపోయింది. పేరున్న గాయకుడి పక్కన కూర్చుని, అప్పటికప్పుడు వేసిన సంగతిని అందుకుని తిరిగి పలికించడంలో యువ వాదకుడికి దొరికే శిక్షణ తరగతిలో దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వినేవారి చెవి. వరుస తప్పితే గుర్తుపట్టేవారు, కల్పనస్వరం ఎక్కడ ముగిసిందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు, ఆలాపన మొదటి రెండు పట్లకే రాగం పేరు పక్కవాడి చెవిలో చెప్పేవారు ముందు వరసలో ఉంటే విద్వాంసుడు తన దగ్గరున్న మంచిదంతా బయటపెడతాడు. తెలియని సభలో అలవాటైన కీర్తనలతో ముగించి లేచిపోతాడు. పాఠశాలలో చేరినవారందరూ విద్వాంసులు కాలేదు. ఎక్కువమంది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, గృహిణులు అయ్యారు. వారే విజయనగరం శ్రోతలు. విద్వాంసులను లెక్కపెట్టి సంగీత కళాశాల విలువ కట్టేవారు ఈ రెండో ఫలితాన్ని వదిలేస్తారు.

1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక సంస్థానాల ఆదరణ తగ్గిపోయింది. పాఠశాల తర్వాత రాష్ట్ర ప్రభుత్వ కళాశాలగా మారింది. కళాకారులకు కొత్త ఆధారం ఆకాశవాణి: విజయవాడ కేంద్రం 1948లోనూ, విశాఖపట్నం కేంద్రం 1963లోనూ మొదలయ్యాయి. కచేరీ కోసం ఎదురుచూసే పని లేకుండా ఇంట్లోనే పెద్ద విద్వాంసులను వినే సౌకర్యం కలిగింది. దానితో ఊళ్లో జరిగే కచేరీకి వచ్చేవారు కొంత పలచబడడమూ నిజమే. రేడియోలో విన్నదాన్ని ఎదురుగా చూడాలన్న కోరిక మాత్రం సంగీతం నేర్చినవారిలో పోలేదు.

ఇప్పుడు కళాశాలలో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు, నృత్యం నేర్పుతారు. ఉద్యోగం, బడి చూసుకుని వచ్చేవారికి వీలుగా సాయంకాలపు తరగతులు నడుస్తాయి. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనకు విద్యార్థులు, పాత విద్యార్థులు, ఊళ్లో పాడగలిగిన పెద్దలు కలిసి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు. నారాయణదాసు, వెంకటస్వామినాయుడుల జయంతి, వర్ధంతి సభలకు బయటి కళాకారులు వస్తారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవ సమయంలో విజయనగరం ఉత్సవాలు జరిగినప్పుడు ఆనంద గజపతి కళాక్షేత్రం, గురజాడ కళాభారతి వంటి వేదికల మీద శాస్త్రీయ సంగీతం, హరికథ, జానపదం పక్కపక్కనే వినవస్తాయి.

ఈ వేదికల మీద చూడవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మైకు శబ్దం వీణ మీటు నాదాన్ని మింగేయకుండా అమర్చాలి. గాయకుడికి ముందుగా శ్రుతి సరిచూసుకునే వ్యవధి ఇవ్వాలి. ఉపన్యాసాలూ శాలువాలూ కచేరీ సమయాన్ని తినేయకూడదు, మృదంగపు తని ఆవర్తనం మొదలవగానే జనం లేచి వెళ్లే అలవాటు మానాలి. వచ్చిన విద్వాంసుణ్ణి మర్నాడు ఉదయం కళాశాలకు ఆహ్వానించి, ముందు రాత్రి పాడిన రాగాన్ని విద్యార్థులకు విప్పి చెప్పమని కోరడం మరీ అవసరం. రానూపోనూ ఖర్చు ఎలాగూ పెట్టినదే కాబట్టి అదనంగా కావలసింది ఒక పూట భోజనం, ఒక గది, ఒక తంబురా. గదీ తంబురా కళాశాలలోనే ఉన్నాయి.