గ్రంథాలయంలో వెదకే విద్య: తాడిపత్రి కరవు చరిత్ర చెప్పే పాఠం

కళాశాలలో నేర్చిన పాఠాలలో అనేకం కాలక్రమంలో మరుగునపడతాయి. గ్రంథాలయంలో వెదకే పద్ధతి మాత్రం జీవితాంతం పనికివస్తుంది. ఈ సంగతిని తాడిపత్రి చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

1. ఎక్కడ వెదకాలి?

1876-78 నాటి ధాత కరవులో తాడిపత్రి ప్రాంతం ఏమైంది? ఈ ప్రశ్నతో బయలుదేరిన విద్యార్థి ఆ సంవత్సరాల కాగితాలను ‘అనంతపురం జిల్లా’ శీర్షిక కింద వెదికితే నిరాశే మిగులుతుంది. ఆ జిల్లా ఏర్పడింది 1882లో. అంతకుముందు తాడిపత్రి బళ్లారి జిల్లాలోని తాలూకా. కనుక 1872లో కెల్సాల్ ప్రచురించిన బళ్లారి జిల్లా మాన్యువల్‌ను ముందు చూడాలి. 1905లో ఫ్రాన్సిస్ సిద్ధపరచిన అనంతపురం గెజిటీరు ఆ తరువాతి మెట్టు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అంటే మన ఊరి చరిత్ర నేడు పొరుగు రాష్ట్రంలో ఉన్న జిల్లా పేరు మీద ఉన్నది. ఆంగ్లంలో ఊరి పేరు ‘తాడ్‌పత్రి’ అని కూడా కనిపిస్తుంది. ఇవి తెలియనివాడు సెల్‌ఫోనులో వెదికినా ఆధారాలు లేవనే అనుకుంటాడు.

2. దేనితో పోల్చాలి?

దొరికిన కాగితం ఒక్కటే చాలదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్ది పైకం చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. కష్టపడే మనిషి దానితో నిలువలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కోర్నిష్ అభ్యంతరం తెలిపాడు. టెంపుల్ లేఖలు మాత్రమే చదివినవారికి అది పొదుపుగా కనిపిస్తుంది. కోర్నిష్ వాదన కూడా చదివినవారికి ఆ పొదుపు ఎవరి కడుపు మీద పడిందో తెలుస్తుంది.

3. సంఘ చరిత్రకు దీని అవసరం

‘గంజి కోసం మతం మారారు’ అనే మాట రాయలసీమలోని సంఘాలు విన్నదే. దీనికి ఆవేశం జవాబు కాదు. బాప్తిస్మపు రిజిస్టరులోని తేదీలు కరవుకు ముందువా, వెనుకవా? ఆ కుటుంబాలు కరవు తీరిన తరువాత నిలిచాయా? లండన్ మిషన్ బళ్లారిలో 1810లోను, కడపలో 1822లోను పని ప్రారంభించింది. ఆ మిషన్ లేఖలు నేడు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఉన్నాయి. అయితే విరాళాలిచ్చే దొరలకు వ్రాసిన లేఖలను సర్కారు కాగితాలతో సరిచూచుకొనే నమ్మాలి. వచ్చే జవాబు మనకు అనుకూలం కాకపోయినా అంగీకరించడం పరిశోధకుని ధర్మం.

4. ముగింపు

గణితోపాధ్యాయుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యాడు. ఆయన 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే వెదకడం నేర్పడం కూడా ఆ సూత్రాన్ని పాటించడమేనని మా అభిప్రాయం. ప్రతి విద్యార్థి తన స్వగ్రామం గురించి ఒక ప్రశ్న వేసుకొని, పాత జిల్లా పేరు కనుగొని, రెండు భిన్నమైన ఆధారాలను పోల్చి నాలుగు పుటలు వ్రాస్తే చాలు.

2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా మరల విడిపోయింది. ధర్మవరం, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. తాడిపత్రి అనంతపురంలోనే ఉన్నది. యాభై ఏళ్ల తరువాత కదిరి సంఘ చరిత్ర వ్రాయబోయే కాపరికి ఇదే చిక్కు ఎదురవుతుంది. ఈ పద్ధతి నేర్చినవానికి అది చిక్కుగా మిగలదు.